అయిదో చెంచా

మూడు దాటి అయిదు నిమిషాలు. నాలుగింటికి డాక్టరమ్మ వస్తుంది. నాలుగు యాపిల్ పళ్ళు, ఒక చాకు, ఒక గిన్నె, ఒక గ్లాసు నీళ్ళు, ఇంత చిన్న పనికి ఇంత భయమేమిటో, చేతులు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, తుడుచుకున్న సంగతి మరిచిపోయి మళ్ళీ కడుక్కున్నాను. యాపిల్ గుజ్జు చేయడం నాకేమీ కొత్త కాదు, ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళు, ఇరవై ఆరేళ్ళూ శనివారం శనివారం గుజ్జు చేస్తూనే ఉన్నాను, ఆ వాసన నా వేళ్ళకు పట్టేసింది, కానీ ఈరోజు గుజ్జు తినడానికి కాదు, పరీక్షకి. వదిన మింగగలదా లేదా అని చూసే పరీక్ష. అయిదు చెంచాలు. అయిదూ దగ్గు లేకుండా గొంతు దిగితే ముక్కులో ఉన్న గొట్టం తీసేసి నోటితో తినిపించవచ్చు. దిగకపోతే సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్ళి పొట్టకి చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి గొట్టం పెడతారు, ఆ తర్వాత ఇక నోటితో తినడమన్నది, అని డాక్టరమ్మ ఆ వాక్యం పూర్తి చేయకుండా సంచీ సర్దుకుంది. పరీక్ష ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఇంకోసారి వాయిదా కుదరదని మాత్రం స్పష్టంగా చెప్పింది.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని చెప్పే ధైర్యం కూడా ఎవరూ చేయలేదు. నగరం చివర ఉన్న కోల్డ్ స్టోరేజీలో ముప్పై మూడేళ్ళు పళ్ళు ఏరింది. బెల్టు మీద యాపిల్స్ దొర్లుకుంటూ వస్తుంటాయి, పక్కపక్కన ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి దెబ్బ తిన్నది ఒక పక్కకి, చిన్నది ఒక పక్కకి, పనికిరానిది కిందకి తోసేస్తుంటారు. పైకి నున్నగా కనిపించే పండు లోపల నల్లబడిందో లేదో వదిన బొటనవేలు ఆనించి చెప్పేసేది, చూడాల్సిన అవసరం కూడా లేదు, పక్కావిడతో కబుర్లాడుతూనే తోసేసేది. అందుకే ఏడు వారాల కింద ఆవిడకి పక్షవాతం వస్తున్నదని మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు, ఆ పక్కావిడ. మాట తడబడలేదట, మూతి వంకర పోలేదట, వరసగా నాలుగు దెబ్బ పళ్ళని వదిలేసిందట. ఒకటి వదిలేస్తే పరధ్యానం అనుకునేదాన్ని, నాలుగు వదిలేసేసరికి గట్టిగా కేకేశానమ్మా అని ఆసుపత్రి వరండాలో ఆవిడ నాకు చెప్పి చెప్పి ఏడ్చింది. అయిదో పండు వచ్చేసరికి వదిన నేల మీద ఉంది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది, అన్నిటికన్నా ముందు గొంతు పోయింది. గొంతులో రెండు దారులుంటాయట, ఒకటి కడుపుకి, ఒకటి ఊపిరికి, ఏది ఎప్పుడు మూసుకోవాలో ఆ కండరాలకి గుర్తు లేదట. మనం రోజుకి వెయ్యిసార్లు మింగుతాం కదా, ఎవరైనా నేర్పితే నేర్చుకున్నామా?

చాకు మొద్దుబారింది. మొదటి పండు తొక్క తీస్తుంటే తొక్కతో పాటు సగం పండు వచ్చేస్తోంది, ఇదే వదిన చూస్తే, ఏమే, అది తొక్క తీయడమా, పండుని చెక్కేయడమా, అనేది. అనేది ఏమిటి, ఇప్పుడూ పక్క గదిలోనే ఉంది, తలుపుకి కర్టెనే అడ్డం, మధ్యాహ్నం ఒంటిగంటకి సిరంజితో పోసిన పాలపొడి నీళ్ళు అరగడానికి దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాను. ఏడు వారాలుగా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అనిపించిన రోజులు ఉన్నాయి, ఒట్టు, ఇరవై ఆరేళ్ళలో రోజుకి పది మాటలు పడ్డదాన్ని, ఒక్కసారిగా ఇల్లు నోరు మూసుకునేసరికి చెవులు గుయ్‌మంటున్నాయి. ఇంట్లో ఉన్నది ముగ్గురమే, మాకు పిల్లలు కలగలేదు. ఆయన లిఫ్టుల మెకానిక్కు, పొద్దున పోతే ఏ భవనం ఎన్నో అంతస్తు మధ్యలో వేలాడుతుంటారో తెలియదు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా మాట్లాడేది మేమిద్దరమే, ఆయన వినేవారు, అదీ సగం.

పళ్ళు కోసేముందు పళ్ళెంలో పెట్టి ఆవిడ ముందుకి తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో తెలియదు, అలవాటు కావచ్చు. ఇన్నేళ్ళలో నేను యాపిల్ కొనడం ఇదే మొదలు, ఎప్పుడూ ఆవిడ సంచీలోనే వచ్చేవి, గ్రేడింగులో తీసేసిన దెబ్బ పళ్ళు, శనివారం పంచుకుని తెచ్చుకునేవాళ్ళు. కొట్లో అబ్బాయి ఏది కావాలంటే నాకేం తెలుసు, ఎర్రగా మెరిసేది ఒకటి, మూడు ఓ మాదిరివి ఇవ్వమన్నాను. వదిన పళ్ళెం వంక చూసింది. ఎడమ చెయ్యి లేపింది, ఆ చెయ్యి ఒక్కటే ఇప్పుడు ఆవిడ మాట వినేది. ఒక్కో పండు మీద బొటనవేలు పెట్టి నొక్కింది, నాలుగోది, నేను ముచ్చటపడి కొన్న ఎర్రది, దాన్ని గోటితో కొట్టి చెవి వాల్చి విని, పళ్ళెం అంచుకి తోసేసింది. ఎందుకు వదినా, అన్నిటికన్నా ఇదే బాగుంది కదా, అన్నాను. కళ్ళు మూసుకుంది. నాకు ఒళ్ళు మండింది. పడక మీద కూడా ఈవిడ పెత్తనం ఏమిటి, నోటి మాట పోయినా తోసేయడం పోలేదు, అనుకుని వంటింట్లోకి వచ్చి ఆ ఎర్రదాన్ని అన్నిటికన్నా ముందు కోశాను. నాలుగు ముక్కలు చేసి, గింజలున్న గట్టి నడుము తీసేసి, మళ్ళీ సన్నగా తరిగి గిన్నెలో వేశాను. తరిగినవి తరిగినట్టే రంగు మారిపోతున్నాయి. ఒక గరిటెడు నీళ్ళు, అంతే, ఎక్కువైతే జారుడవుతుంది. సన్నమంట. మూత.

మూడుంబావు. మూత మీద ఆవిరి చేరడం మొదలైంది, మూతకి చిన్న సొట్ట ఉంది, దాని మీద వెలుతురు పడితే కన్నులా కనిపిస్తుంది, నిద్ర లేక ఇలాంటివన్నీ కనిపిస్తున్నాయేమో నాకు. కుర్చీ లాక్కుని స్టవ్వు పక్కనే కూర్చున్నాను, కూర్చుంటే నిద్ర వస్తుందని తెలుసు, నిలబడితే పడిపోతానని కూడా తెలుసు. అలసట అంటే నాకు ఇదివరకు ఒళ్ళు నొప్పులని తెలుసు. ఇంట్లోనే మిషను మీద కుట్టుపని చేసేదాన్ని, బడులు తెరిచే ముందు నెల రోజులు యూనిఫాం చొక్కాలకి కాజాలు కుట్టి కుట్టి వేళ్ళు వంకర్లు పోయేవి, రోజుకి రెండు వందల కాజాలు, అది ఒళ్ళు నొప్పి, పడుకుని లేస్తే పోయేది. ఇది అలాంటిది కాదు. నాలుగు గంటలకోసారి సిరంజి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. ముక్కు దగ్గర అంటించిన ప్లాస్టరు మార్చడం, నోరు గుడ్డతో తుడవడం, దుప్పటి మార్చడం, వీటి మధ్య ఖాళీల్లో నేను. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఏడు వారాలు, కాజాల పని పక్కవీధి ఆవిడకి ఇచ్చేశారు, తప్పేముంది, చొక్కాలు ఆగుతాయా. అలసిపోయాను. ఈ మాట గట్టిగా అనాలని ఉంటుంది. ఎవరితో అంటే వాళ్ళు, పాపం ఎంత ఓపికో నీకు, అంటారు, ఆ మాట విన్నాక ఇంకేం అనగలం.

ఒకసారి పదకొండు నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు. దేనికి మొదలైందో చెబితే నవ్వుతారు, కుక్కరు రబ్బరుకి. ఆవిడ తీసి ఎండలో పెట్టింది, అది సాగింది, నేను ఏదో అన్నాను, ఆవిడ ఇంకేదో అంది, పదకొండు నెలలు. మీ అక్కకి చెప్పండి నీళ్ళు కాగాయని, మీ ఆవిడకి చెప్పరా నాకు అక్కర్లేదని, మధ్యలో ఆయన కాలుగాలిన పిల్లిలా రెండు గదుల మధ్య తిరిగేవారు, చివరికి ఒకరోజు విసుగొచ్చి, నేనూ మీతో మాట్లాడను పొండి, అని ఆయన కూడా మానేశారు, మూడు రోజులు ముగ్గురం మూగవాళ్ళలా తిరిగాం. ఆ పదకొండు నెలలూ శనివారం సంచీ మాత్రం గట్టు మీద ఉండేది. అడుగున దెబ్బ పళ్ళు, గుజ్జుకి. పైన నాలుగైదు నికార్సయినవి. నికార్సయినవి బయటికి తేనివ్వరు కదా, వాటికి ఆవిడ డబ్బిచ్చి కొనుక్కుని తెచ్చేదని చాలా రోజులకి పక్కావిడ చెబితే తెలిసింది. కోస్తే లోపల తెల్లగా మెరిసేవి. నేను మిషను దగ్గర కూర్చుని తినేదాన్ని. థాంక్స్ చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే ఓడిపోయినట్టు. చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఆవిడ కళ్ళు మూసుకుంటుంది.

మూత తీశాను. మూడు పళ్ళూ కరిగి ముద్దయిపోయాయి, గరిటె పెట్టగానే కదిలిపోయాయి, వాటి మధ్యలో ఆ ఎర్రదాని ముక్కలు మాత్రం ఎక్కడివక్కడ, అంచులు కూడా అరగకుండా నన్ను చూస్తున్నాయి. వేలితో నొక్కాను, లోపల గట్టిగా ఉంది. అప్పుడు అర్థమైంది. దెబ్బ తగిలిందని కాదు ఆవిడ దాన్ని తోసేసింది, కరగని జాతి అని. ఎంత ఉడికించినా ముక్క ముక్కగానే ఉండేది, కొరుక్కు తినడానికి పనికొచ్చేది, గుజ్జుకి పనికిరాదు. ఆవిడకి తెలుసు ఈరోజు గుజ్జు ఎందుకో. తెలుసు, వింది, చేతనైనంత చెప్పింది. నేను వినలేదు. ఒక్క ముక్క గొంతులో అడ్డం పడితే చాలని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, ఉండలు ఉండకూడదు, పీచు ఉండకూడదు, జారకూడదు, చెంచా ఒంపితే మొత్తం ఒకే ముద్దగా టప్పున పడాలి, చెంచాకి అంటుకోకూడదు. మూడున్నర. జల్లెడ ఏదీ. టీ వడపోసేది చిన్నది, పిండి జల్లెడ పెద్దది, పిండి జల్లెడే కడిగి గిన్నె మీద పెట్టి గుజ్జంతా అందులో పోసి గరిటె వెనక భాగంతో రుద్దుతూ నిలబడ్డాను. చెయ్యి నొప్పి పుడుతోంది. జల్లెడ మీద ఎర్ర పండు ముక్కలు మిగిలిపోతున్నాయి, కింద బంగారు రంగు గుజ్జు దారాలుగా దిగుతోంది.

రుద్దుతుంటే ఆ రోజు గుర్తొస్తుంది, దాన్ని రానివ్వకూడదని ఏదో ఒకటి ఆలోచిస్తాను గానీ చేతులు ఇలా ఒకే పని చేస్తుంటే అది వచ్చేస్తుంది. నాలుగు వారాల కింద. ఇదే వేళ. నోరు తుడవడానికి గ్లాసులో నీళ్ళు, గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ గ్లాసు వంక చూసింది. నా వంక చూసింది. మళ్ళీ గ్లాసు వంక. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మూడు వారాలుగా ఆ నోట్లో చుక్క నీరు పడలేదు, కడుపులోకి పోతున్నాయి నీళ్ళు, ముక్కులోంచి, నోటికి తెలియకుండా. ఆవిడ కళ్ళు ఎప్పుడూ నన్ను ఏదీ అడగలేదు, ఆజ్ఞాపించేవి. ఆ రోజు అడిగాయి. ఒక్క చెంచా, అనుకున్నాను. ఒక్కటే చెంచా పోశాను. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టేంతసేపు ఏమీ లేదు, ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఎంత సుఖం కనిపించిందో. తర్వాత వచ్చింది దగ్గు. సత్తువలేని దగ్గు, చిరిగిన గుడ్డని ఇంకా చింపుతున్నట్టు, కళ్ళ నిండా నీళ్ళు, ఎడమ చెయ్యి దుప్పటిని గుప్పిట పట్టి లాగేస్తోంది, పెదాలు నీలం. మర్నాటికి జ్వరం, ఆ మర్నాటికి ఊపిరితిత్తుల్లో నిమ్ము, పన్నెండు రోజులు ఆసుపత్రి, అలా పరీక్ష వాయిదా. పెద్ద డాక్టరు అడిగాడు, నోటి ద్వారా ఏమైనా ఇచ్చారా. లేదండీ, అన్నాను. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. అయితే ఆమె ఉమ్మే ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది, గొంతు బాగా దెబ్బతింది, అని డాక్టరు కాగితం మీద రాశాడు. ఆ కాగితం ఇప్పుడు మా డాక్టరమ్మ దగ్గర ఉంది. వదినకి తెలుసు. నోరు లేదు. నేను అబద్ధమాడిన సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ముక్కుకి నేనే రోజుకి ఆరుసార్లు సిరంజి తగిలిస్తున్నాను.

గుజ్జు మళ్ళీ స్టవ్వు మీద పెట్టాను. కాస్త పల్చగా ఉంది, ఇంకొంచెం ఇగరాలి. గరిటె తిప్పుతున్నాను. పక్కనే గ్లాసు, గ్లాసు నిండా నీళ్ళు. అనుకోకూడనిది అనుకుంటున్నాను, అనుకోవడం ఇప్పుడు మొదలుపెట్టింది కాదు, వారం నుంచి అనుకుంటున్నదే. ఈ గ్లాసు ఇందులో ఒంపితే చాలు. పల్చనైన గుజ్జు ఆ గొంతుకి నిలవదు, దగ్గుతుంది, దగ్గితే పొట్టకి గొట్టం. పొట్టకి గొట్టమంటే సిరంజి, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. నోటితో అంటే ఒక్కో పూట ముప్పావు గంట అని డాక్టరమ్మ చెప్పింది, రోజుకి అయిదు పూటలు, చెంచా చెంచాకీ ఆగాలి, గడ్డం కిందకి వంచాలి, గొంతు కదిలిందో లేదో చూడాలి, తిన్నాక అరగంట నిటారుగా కూర్చోబెట్టాలి, ఆ అరగంటా పక్కన ఉండాలి. ఎన్నాళ్ళు? చెప్పలేమండీ. నేను చేయలేను. నిజంగా చేయలేను. నా మిషను నాకు కావాలి, నా నిద్ర నాకు కావాలి. అయినా గ్లాసు ఒంపలేదు. మంచితనంతో కాదు, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. డాక్టరమ్మ చెంచా ఒంపి చూసి వెంటనే పట్టేస్తుందని ఒంపలేదు.

పొద్దున ఫోనులో ఆయనతో ఇదే అన్నాను. వంటింట్లో నిలబడి, ఏమండీ, పొట్టకి గొట్టం వేయించేద్దామండీ, ఈ పరీక్ష ఏమీ వద్దు, నా వల్ల కావట్లేదు, అదే నయం నాకు, అన్నాను. అక్క ఒప్పుకుంటుందా, అన్నారు. ఒప్పుకోవడానికి ఆవిడకేం, చేసేది నేను, అన్నాను, గొంతు పెద్దదే అయింది. ఫోను పెట్టేసి తిరిగితే కర్టెన్ పక్కకి లాగి ఉంది, నేనే లాగాను, గాలి కోసం. వదిన కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర అనుకున్నాను. అనుకోవడమే బాగుంటుంది కాబట్టి అనుకున్నాను. పక్షవాతం ఆవిడ చెవుల జోలికి పోలేదు.

చెంచాతో తీసి ఒంపాను. కాస్త ఆగి, మొత్తం ఒకే ముద్దగా టప్పున గిన్నెలో పడింది. చెంచా మీద పల్చటి పొర తప్ప ఏమీ మిగల్లేదు. నాలుగు కావడానికి ఏడు నిమిషాలు. చల్లార్చడానికి గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టాను, గుజ్జు బాగా వచ్చింది, ఎంత బాగా వచ్చిందంటే నాకు ఏడుపొచ్చింది, ఇరవై ఆరేళ్ళలో ఇంత నున్నగా ఎప్పుడూ చేయలేదు. చెయ్యి దానంతట అదే బాగా చేసేసింది. నేనేం కోరుకుంటున్నానో నా చేతికి కూడా చెప్పలేకపోయాను.

డాక్టరమ్మ సరిగ్గా నాలుగింటికే వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. చెంచా ఒంపి చూసి, "అబ్బ, భలే చేశారండీ. నేను చేసినా ఇంత బాగా రాదు," అంది. వదినని నిటారుగా కూర్చోబెట్టాం, వీపు వెనక రెండు దిళ్ళు, కుడి చెయ్యి కింద ఒకటి. స్టెతస్కోపు గొంతు పక్కన ఆనించి పెట్టుకుని మొదటి చెంచా పెట్టింది. "నిదానంగా అమ్మా, తొందరేం లేదు. గడ్డం కిందకి. ఆ, మింగండి." నేను మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. గొంతులో ఎముక పైకి లేచింది, కిందకి దిగింది. "ఆ అనండి." వదిన అంది. శుభ్రంగా, తడి లేకుండా, గొంతులో ఏమైనా మిగిలిపోతే ఆ స్వరం గరగరలాడుతుందట. రెండోది దిగింది. మూడోది దిగింది, మూడోదానికి వదిన కళ్ళలో ఏదో కదిలింది, ఏడు వారాల తర్వాత నాలుకకి తీపి తగిలితే ఎలా ఉంటుందో నేను ఊహించలేను. నాలుగోది దిగింది. అయిదోది దిగాలని కోరుకుంటున్నానా, దిగకూడదనా, నాకే తెలియడం లేదు, మనసులో ముప్పావు గంటల్ని అయిదుతో గుణిస్తున్నాను, గుణించి దానికి అరగంటలు కలుపుతున్నాను. అప్పుడు వదిన తల తిప్పి నన్ను చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆవిడ చూసింది, చూడాల్సినంతసేపు చూసింది, తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది.

అయిదో చెంచా నోట్లో పడింది. వదిన భుజాలు పైకి లేచాయి. దగ్గింది. పెద్దగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి రెండు దగ్గులు.

"అయ్యో," అని డాక్టరమ్మ చెంచా దించేసింది. "ఇంత బాగా వెళుతోంటే." స్టెతస్కోపు మెడలో వేసుకుని సంచీలోంచి కాగితం తీసింది. "నాలుగు దిగినా ఒకటి అడ్డం పడిందంటే నమ్మలేమండీ. అందులోనూ ఇదివరకు నిమ్ము వచ్చింది కదా, ఉమ్మే దిగిపోతోందని రాశారు. పొట్ట గొట్టమే మంచిది. మీకూ సుళువు."

పెన్ను మూత తీసింది. వదిన గోడ వైపు చూస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది, దుప్పటిని పట్టుకోలేదు. కళ్ళలో నీళ్ళు లేవు. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. దగ్గే ముందు ఆవిడ ఊపిరి పీల్చుకుంది, గొంతులో అడ్డం పడ్డ మనిషికి ఊపిరి పీల్చుకునే తీరిక ఎక్కడుంటుంది? కొద్దిగా తెరుచుకున్న పెదాల మధ్య నుంచి కనిపిస్తోంది, నాలుక మీద గుజ్జు, చెంచా పెట్టింది పెట్టినట్టే. మింగనే లేదు. ఇంకా మింగని దానికి దగ్గు ఎలా వస్తుంది.

నేను మాట్లాడలేదు. డాక్టరమ్మ ఒక వాక్యం రాసేంతసేపు మాట్లాడలేదు, ఈ సంగతి ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పను. ఆ ఒక్క వాక్యం సేపు నాకు ఎంత హాయిగా ఉందంటే కాళ్ళలోంచి బరువంతా నేలలోకి దిగిపోయినట్టుంది, ఇరవై నిమిషాలు, మిషను, నిద్ర, అన్నీ నావే, ఎవరూ నన్ను అడగరు, ఆవిడే ఇచ్చేసింది. తర్వాత కోపం వచ్చింది. ఎవరిమ్మన్నారు? ఈ ఇంట్లో ఏ కూర వండాలో ఆవిడే, ఏ పండు పనికొస్తుందో ఆవిడే, ఇప్పుడు నేను మోయగలనో లేదో అది కూడా ఆవిడే తేల్చేస్తుందా, నన్ను కూడా పళ్ళెం అంచుకి తోసేస్తుందా?

"రాయకండి," అన్నాను. "అది దగ్గు కాదు. దగ్గినట్టు చేసింది."

"ఏంటండీ?"

"నోరు చూడండి. మింగనే లేదు. పొద్దున నేను ఫోనులో నా వల్ల కాదని అన్నాను, విన్నది. అందుకు." ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "ఇంకోటి. ఆ నిమ్ము ఉమ్ము వల్ల రాలేదు. నేను నీళ్ళు పోశాను. అడిగితే లేదని చెప్పాను. ఆవిడ గొంతు మీద రాసింది కొట్టేయండి, అది నా తప్పు."

డాక్టరమ్మ నన్ను చూసింది, వదినని చూసింది. పెన్ను పక్కన పెట్టి స్టెతస్కోపు మళ్ళీ చెవులకి తగిలించుకుంది. నేను మంచం మీద వదిన ఎదురుగా కూర్చున్నాను. అంత దగ్గరగా ఆవిడ మొహంలోకి నేరుగా ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి కోపంగా ఉంది, మొహం సగమే పనిచేస్తుంది, ఆ సగమూ కోపమే.

"నాకు ఓపిక ఉందని చెప్పను వదినా. లేదు. రేపు విసుక్కుంటాను, ఎల్లుండి కూడా విసుక్కుంటాను. మీరు పడాలి," అన్నాను. "నోట్లోది మింగండి."

ఆవిడ మింగలేదు. నన్నే చూస్తోంది. నేను వేలితో ఆవిడ గడ్డం కిందకి వంచాను. ఆవిడ ఎడమ చెయ్యి లేచి నా మణికట్టు పట్టుకుంది, తోసేయడానికేమో అనుకున్నాను, తోయలేదు, పట్టుకునే ఉంది. ఆ పట్టు బిగిసింది. గొంతు పైకి లేచింది. దిగింది.

"ఆ అనండి," అంది డాక్టరమ్మ.